ముషీరాబాదు వీథులలో నాటు మేళము

ఆషాఢమాసము ప్రవేశించినదనగా ముషీరాబాదు మొదలుకొని తార్నాక వఱకు గల వీథులలో సాయంకాలములయందు ఒక దరువు వినవచ్చును. మొదట దూరమునుండి ఉఱుము వలె తోచి, సమీపించిన కొలదిని స్పష్టమై, తుదకు వినువాని గుండె చప్పుడుతో ఏకమైనట్లుండును. చిన్నవారి పాదములు వారి అనుమతి లేకయే కదలసాగును. పెద్దలలో కొందఱు వాకిటికి వచ్చి చూతురు. కొందఱు కిటికీ తలుపులు మూయుదురు. వివాహపు ఊరేగింపులందు, బోనాలయందు, దీపావళి వెళ్లిన పిదప జరుగు సదరు నాటి రాత్రియందు, వినాయక నిమజ్జనమందు, కొన్ని యిండ్ల అంతిమయాత్రలందు కూడ ఈ మేళమే ముందు నడచును. ఇంతగా మన చెవులకు అలవాటుపడిన యీ మేళమునుగూర్చి మనకు తెలిసినది మాత్రము స్వల్పము. అందలి వాద్యములెవ్వి? అవి యెట్లు చేయబడును? ఆ దరువునకు నియమమేమి? దానిని వాయించువారెవరు? వారిని మన సంఘము ఎట్లు చూచినది, నేడెట్లు చూచుచున్నది? ఈ ప్రశ్నలకు మాకు తెలిసినంతవఱకు సమాధానము చెప్పుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

మూడు పాయల కలయిక

మన ప్రాంతము పలువిధముల జనులు కలసి నివసించు తావు. నిజాము అలీఖాను కాలమున దివానుగా నుండిన అరస్తూజాకు ముషీరుల్‌ముల్క్ అను బిరుదు కలదు. ముషీరాబాదు అను పేరు ఆ బిరుదునుండి వచ్చినదే. ఇచ్చటికి ఉత్తరమున, 1806లో ఆంగ్లేయుల సేనకై ఏర్పడిన సికింద్రాబాదు కలదు. తూర్పున, 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆవరణమును, దానిని దాటిన పిమ్మట తార్నాకయు కలవు. పల్లెలనుండి కూలికి వచ్చినవారు, సైన్యముతో వచ్చినవారు, నవాబుల కొలువునకు వచ్చినవారు, చదువునకు వచ్చినవారు ఈ నాలుగైదు మైళ్లలోనే ఒకరి ప్రక్కన ఒకరు కాపురముండిరి. వారి వాద్యములు కూడ అట్లే యిరుగుపొరుగులైనవి.

కావుననే మన వీథులలో వినబడు మేళము ఒక్క వంశమునుండి పుట్టినది కాదు. అందు ముఖ్యముగా మూడు పాయలు కలవు. మొదటిది తెలుగు పల్లెలనుండి వచ్చిన డప్పు. రెండవది మర్ఫా, ఇది అరేబియా దేశమునందలి హద్రమౌతు ప్రాంతమునుండియు, ఆఫ్రికానుండియు వచ్చి నిజాముల కొలువున సిపాయిలుగా నుండినవారు తెచ్చినది. నేడు మాసాబ్ ట్యాంకు చెంత ఏ.సీ. గార్డ్సు అను పేట యున్నది గదా. ఆ పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్సు అను అశ్వికదళమునుబట్టి యేర్పడినది. 1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలసిన తరువాత ఆ దళము రద్దయినను, దాని సిపాయిల సంతతివారు మర్ఫాను విడువక, పెండ్లిండ్లయందు వాయించుచు బ్రదుకుచున్నారు. మూడవది బ్యాండు. దండుప్రదేశములలో ఆంగ్లేయసేనలు వాయించిన బాకాలు, క్లారినెట్లు, పెద్ద డ్రమ్ములు క్రమముగా బజారునకు దిగి, రంగు కోట్లు తొడిగిన పెండ్లిమేళములైనవి.

ఈ మూడును ఒకే వీథిలో ఎదురుపడుచు, ఒకదానినుండి యొకటి నేర్చుకొనుచు వచ్చినవి. డప్పు మేళమునందు తాషా వచ్చి చేరినది. బ్యాండు మేళము డప్పు దరువును పట్టినది. మర్ఫా వినుటకు తెలుగు పెండ్లివారును, డప్పు వినుటకు ముసల్మానులును అలవాటుపడిరి. నగరమునందలి సంగీతమునకు ఇదియే లక్షణము. అయినను వీనిలో ఎక్కువమందికి అందుబాటులో నున్నదియు, ఎక్కువ కథ కలదియు డప్పే గనుక, దానినిగూర్చియే విపులముగా వ్రాయుచున్నాము.

డప్పు చేయు విధము

డప్పునకు పేరులు పెక్కు. తెలంగాణమున డప్పనియు, కోస్తా జిల్లాలలో పలక యనియు, తప్పెట యనియు, కనకతప్పెట యనియు పిలుతురు. తమిళదేశమున పఱై, కన్నడదేశమున తమటె, మహారాష్ట్రమున హల్గి యనునవి దీనికి తోబుట్టువులే. గుండ్రని కొయ్యచట్రము, దానికి ఒక ప్రక్క మాత్రము బిగించిన చర్మము, ఇంతియే దీని స్వరూపము. చూచుటకు జల్లెడను పోలియుండును. అడ్డుకొలత సుమారు 16 మొదలు 18 అంగుళముల వఱకు నుండును.

చట్రమునకు వేప, చింత మొదలగు కొయ్యలను వాడుదురు. ఒకే కొయ్యను వంచుట కష్టము గనుక, వంపుగా చెక్కిన ముక్కలను కొన్నిటిని ఒకదానితో నొకటి కూర్చి వలయముగా చేయుదురు. మేకతోలుగాని, దూడతోలుగాని నానబెట్టి, వెండ్రుకలు తీసి, శుభ్రపఱచి, తడిగా నున్నప్పుడే చట్రముపై పఱచి లాగుదురు. చింతగింజల పిండిని ఉడికించిన జిగురుతో అంచును అంటింతురు. వెనుక తోలు వారులతో బిగించి కట్టుదురు. తడి ఆరిన కొలదిని తోలు తనంతట తానే ముడుచుకొని బిగువగును. ఈ పనియందు తోలు గుణమెఱుగుట, ఎంతవఱకు లాగవలెనో యెఱుగుట, నీడనా యెండనా ఎక్కడ ఆరవేయవలెనో యెఱుగుట ముఖ్యము. ఇది గ్రంథములలో వ్రాయబడక చేతినుండి చేతికి వచ్చిన శాస్త్రము.

మేళమువారు వాయించుటకు ముందు చెత్తయో, గడ్డియో, కాగితములో ముట్టించి, డప్పులను ఆ మంట కెదురుగా త్రిప్పుచుండుట విద్యార్థులలో పలువురు చూచియుందురు. దీనిని కొందఱు మూఢాచార మనుకొందురు. కాని యిది కేవలము భౌతికశాస్త్రము. తోలు గాలిలోని తేమను పీల్చి సడలును. సడలిన తోలు మందమైన ధ్వని నిచ్చును. వేడి తగిలినప్పుడు తేమ పోయి తోలు బిగియును. బిగువు హెచ్చిన కొలది అది త్వరగా కంపించును. కంపనములు హెచ్చిన కొలది స్వరము పైకెక్కును. లెక్కగా చెప్పవలసినచో, బిగువు నాలుగింతలైనచో కంపనముల సంఖ్య రెండింతలగును. ఆషాఢమాసము వానకాలము గనుక, బోనాలనాడు మేళమువారు గడియ గడియకు మంటను వెదకుకొనవలసి వచ్చును. ఈ శ్రమ తప్పించుటకై యిప్పుడు కృత్రిమపు పొరలు బిగించి, మరలతో బిగువు సవరించు డప్పులు వచ్చినవి. అవి వానకు చెడవు, వెలయు తక్కువ. అయినను తోలుడప్పుయొక్క లోతైన నాదము వానికి రాదని వాయించువారు చెప్పుదురు.

రెండు పుల్లలు, పెక్కు దెబ్బలు

డప్పును వారుతో ఎడమ భుజమునకు తగిలించి, చట్రపు అంచును ఎడమచేతితో పట్టుదురు. కుడిచేతిలో పొట్టిగా లావుగా నుండు పుల్ల యుండును. దీనిని సిర్ర యందురు. ఎడమచేతి వ్రేళ్లసందున సన్నగా పొడవుగా నుండు పుల్ల యుండును. దీనిని సిటికెనపుల్ల యందురు. సిర్ర తోలు నడుమ తగిలినప్పుడు గంభీరమగు నాదమును, సిటికెనపుల్ల అంచున తగిలినప్పుడు చురుకైన ధ్వనియు పుట్టును. చర్మమును నడుమ కొట్టినచో క్రింది స్వరము ప్రబలమగుననియు, అంచున కొట్టినచో పైస్వరములు లేచుననియు శాస్త్రము చెప్పుచున్నది. ఒకే తోలుపై గంభీరమును చురుకును పలికించి, ఆ రెంటి కలయికతో లెక్కలేనన్ని దరువులను కల్పించుటయే యీ విద్య.

పల్లెలలో ఈ దరువులు కేవలము వినోదార్థము కావు. అవి ఒక భాష. పెండ్లికి ఒక దెబ్బ, జాతరకు ఒక దెబ్బ, చావునకు ఒక దెబ్బ, చాటింపునకు ఒక దెబ్బ వేఱువేఱుగా నుండును. ఊరికి దూరముగా పొలమున పనిచేయువాడు దరువు వినినంతనే ఊరిలో జరిగినది శుభమో అశుభమో తెలిసికొనును. వార్తాపత్రికలును, తంతితపాలాలును లేని దినములలో సర్కారు ఉత్తరువులు ప్రజలకు డప్పు మూలముననే తెలిసెడివి. దండోరా వేయుట యను మాట యిందుండి వచ్చినదే. తన గొప్ప తానే చెప్పుకొనువానిని చూచి డప్పు కొట్టుకొనుచున్నాడని నేటికిని ఆక్షేపింతుము. ఇన్ని విధముల మన భాషలో జొరబడిన వాద్యము వేఱొకటి అరుదు.

తీన్‌మార్

నగరమున మిక్కిలి ప్రసిద్ధి చెందిన దరువు తీన్‌మార్. తీన్ అనగా మూడు. మార్ అనగా దెబ్బ. మూడేసి దెబ్బల గుంపులుగా నడచు దరువు గనుక దీని కీపేరు వచ్చినది. నడకకు సాధారణముగా రెండు అడుగులు చాలును, ఎడమ, కుడి. కాని దరువు మూడుగా నడచునప్పుడు, ఒక గుంపు ఎడమకాలిపై మొదలైనచో తరువాతి గుంపు కుడికాలిపై మొదలగును. అందువలన శరీరము ఇటునటు ఊగును. భుజములు వానియంతట అవియే లేచును. తీన్‌మార్ విని నిలువలేకపోవుటకు రహస్యమిదియే. ఈ నృత్యమునకు గురువు లేడు, బడి లేదు. ముందున్నవానిని చూచి వెనుకనున్నవాడు నేర్చుకొనును.

మేళమున సామాన్యముగా డప్పులు కొన్ని, సన్నని పుల్లలతో వేగముగా వాయించు తాషా, లోతైన నాదమిచ్చు పెద్దడోలు, ఇత్తడి తాళములు ఉండును. ఒకడు పెద్దగా నుండి నడిపించును. అతడు నోటితో ఆజ్ఞ యీయడు. ఆ సందడిలో నోటిమాట వినబడదు గదా! పుల్ల పైకెత్తుటయో, కన్నుసైగయో, ఒక ప్రత్యేకపు దెబ్బయో చేయగా, పదిమందియు ఒక్క క్షణమున దరువు మార్చుదురు. కొందఱు కాళ్లకు గజ్జెలు కట్టి, వాయించుచునే వలయముగా తిరుగుదురు, కూర్చుండి లేతురు, వెనుకకు వంగుదురు. వాయించుటయు నాట్యమాడుటయు ఒకే మనిషి ఒకే కాలమున చేయుట యెంత కష్టమో ప్రయత్నించి చూచినవారికి తెలియును. దీర్ఘకాల మభ్యసించినగాని యిది రాదు.

మేళపు రాత్రులు

సంవత్సరమున ఈ మేళమునకు నియతమైన రాత్రులు కొన్ని కలవు. వానిలో బోనాలు ముఖ్యము. భోజన మను మాటనుండి బోనము వచ్చినది. కుండలో వండిన అన్నమును స్త్రీలు తలపై మోసికొనిపోయి గ్రామదేవతకు సమర్పింతురు. ఆషాఢమున మొదట గోలకొండలోను, పిమ్మట సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి గుడియందును, తరువాత పాతనగరమున లాల్‌దర్వాజాలోను వరుసగా జరుగును. సికింద్రాబాదు ఆలయముయొక్క స్థలచరిత్ర యిట్లు చెప్పుచున్నది: 1813లో సురిటి అప్పయ్య అను సైనికోద్యోగి ఉజ్జయినిలో నుండగా, కలరా వ్యాపించి వేలకొలది జనులు మరణించిరి, అతడు మ్రొక్కుకొని, తిరిగివచ్చిన పిమ్మట 1815లో ఇచ్చట విగ్రహమును నిలిపెను. మహామారి భయమునుండి పుట్టిన పండుగ యిట్లు నేటికిని నడచుచున్నది. 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడినంతనే దీనిని రాష్ట్రపండుగగా ప్రకటించిరి. ఒడలికి పసుపు పూసికొని, కొరడా చేతబట్టి పోతరాజు వేషము వేసినవాడు డప్పు దరువుతోనే ఆడును; దరువు ఆగినచో అతని అడుగు ఆగును.

దీపావళి గడచిన పిదప యాదవులు జరుపు సదరు రెండవది. బాగుగా మేపిన దున్నపోతులను అలంకరించి, మేళముతో వీథులలో త్రిప్పుదురు. నారాయణగూడలో జరుగునది మిక్కిలి పేరుగాంచినది. ఇక పెండ్లిండ్ల ముహూర్తములలో ప్రతి రాత్రియు మేళపు రాత్రియే.

విశ్వవిద్యాలయపు ఆవరణమున వేఱొక విధమగు మేళము వెలసినది. 1972లో ఏర్పడిన జననాట్యమండలి ద్వారా గద్దరు అను పేర ప్రసిద్ధుడైన గుమ్మడి విఠల్‌రావు గారు పల్లెల పాటను, డప్పును సభావేదికపైకి తెచ్చిరి. వీరు 2023లో దివంగతులైరి. 2002లో కామారెడ్డియందు మొదలైన తెలంగాణ ధూంధాం అను సభలు ఆ మార్గమున నడచినవే. పాట, డప్పు, ఆట, ఉపన్యాసము కలసి రాత్రి చాలసేపు సాగెడి ఆ సభలు ఊరూర జరిగి, 2009 మొదలు 2014 వఱకు జరిగిన ఉద్యమకాలమున ఆర్ట్సు కాలేజీ ముంగిటను కూడ నిలిచినవి. 1939లో ప్రారంభోత్సవము జరిగిన ఆ రాతికట్టడపు మెట్లయెదుట, చదువుకొన్న పిల్లలు తమ తాతలు సిగ్గుపడిన వాద్యమును గర్వముతో భుజమున తగిలించుకొనిరి. ఆ రాజకీయములు మాకిచ్చట అప్రస్తుతము. ఆ సిగ్గు ఎట్లు గర్వమైనదో తెలిసికొనుట మాత్రము ప్రస్తుతము.

సిగ్గు వచ్చిన దారి

డప్పు చేయుటయు, వాయించుటయు పల్లెలలో ముఖ్యముగా మాదిగలకు కట్టబడిన పని. చచ్చిన పశువును మోయుట, తోలు తీయుట, చెప్పులు కుట్టుట, డప్పు కొట్టుట అను నీ పనులన్నియు ఒకే యింటివారు చేయవలెను. ఊరి జాతరకు వారి డప్పు లేనిదే దేవత కదలదు. కాని ఆ గుడిలోనికి వారికి ప్రవేశము లేదు. ఊరిపెండ్లికి వారి డప్పు లేనిదే శోభ లేదు. కాని పందిటిలో వారికి ఆకు వేయరు. కూలి యడుగు హక్కు లేక, పెట్టినది తిని పోవలసినవారైరి. తమిళదేశమునను ఇంతే. ఆంగ్లభాషలో వెలివేయబడినవాడను అర్థమున వాడు పరయా అను మాట, పఱై వాద్యమును వాయించు కులముయొక్క పేరునుండి వచ్చినది. ఒక వాద్యము పేరు ప్రపంచభాషలో అవమానమునకు పర్యాయపదమైనదన్న, అందలి దుఃఖ మెంతటిదో ఊహింపవచ్చును.

మిషను పాఠశాలలలో చదువువారికి ఈ కథతో దగ్గఱి సంబంధము కలదు. 1866లో ఒంగోలునకు వచ్చిన జాన్ క్లౌ దొరగారి కాలమున, యెఱ్ఱగుంట్ల పేరయ్య గారు మొదలగు మాదిగ పెద్దల బోధవలన నెల్లూరు, ఒంగోలు ప్రాంతములలో అనేకులు క్రైస్తవులైరి. గొప్ప కఱవు పిమ్మట 1878 జూలై 3వ తేదీన ఒక్కనాడే 2,222 మంది గుండ్లకమ్మ యేటియొద్ద బాప్తిస్మము పొందిరి. విశ్వాసులైనవారు ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు అనునవి వారికి చెప్పబడిన మూడు నియమములు. వీనిని పాటింపగోరినవారు జాతరలలో డప్పు కొట్టుట మానిరి. ఊరిపెద్దలకు ఇది ధర్మద్రోహముగా తోచెను; కాని మానినవారికి అది తమ జీవితమున మొదటిసారిగా మేము రాము అని చెప్పగలిగిన దినము. ఆనాడు డప్పును క్రింద పెట్టుటయే స్వాతంత్ర్యము.

అయితే దానితోపాటు ఒక నష్టమును కలిగినది. బలవంతపు చాకిరిని విడుచుటలో, ఆ చాకిరిలో దాగియున్న కళను కూడ విడిచినవారు కలరు. చదువుకొన్న కొడుకు తండ్రి డప్పును అటుకపై దాచెను. మనుమనికి అదేమో తెలియకపోయెను. ఇందు వారి తప్పు లేదు. అవమానించినవారు వాద్యమును వాయించువానితో కలిపి అవమానించిరి గనుక, వాడు తన్ను కాపాడుకొనుటకై వాద్యమును వదలుకొనెను.

తరువాతి తరమువారు వేఱొక త్రోవ త్రొక్కిరి. 1994లో ప్రకాశము జిల్లా ఈదుమూడి గ్రామమున మంద కృష్ణగారు మొదలగువారు ఆరంభించిన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి, దండోరా అను పేరుతోనే లోకమునకు తెలిసినది. ఏ వాద్యమునుబట్టి తమ్మును చిన్నచూపు చూచిరో, ఆ వాద్యమునే వారు గుర్తుగా గైకొనిరి. ఊరివారి ఉత్తరువును చాటుటకు మ్రోగిన డప్పు, తమ కోరికను చాటుటకు మ్రోగినది. తాతలు డప్పును దించుటయు, మనుమలు డప్పును ఎత్తుటయు పైకి విరుద్ధములుగా కనబడినను, రెంటికిని మూలమొకటియే; ఎప్పుడు, ఎవరికొఱకు, ఏ వెలకు వాయింపవలెనో నిర్ణయించు అధికారము వాయించువానికే యుండవలెననుట.

ప్రభుత్వమును ఇట్టి కళలను ఇటీవల గుర్తింపసాగినది. కోయల డోలు వాయించు సకిని రామచంద్రయ్య గారికి 2022లోను, తమిళదేశమున పఱై వాయించి నేర్పు వేలు ఆసాన్ గారికి 2025లోను పద్మశ్రీ పురస్కారము లభించినది. 2023లో నాటు నాటు అను తెలుగు సినిమాపాటకు ఆస్కారు బహుమానము వచ్చినప్పుడు, నాటు అను మాటకు అర్థమేమని లోకమంతయు అడిగినది. మన యింట మొరటు అను అర్థమున వాడుచు వచ్చిన మాట అట్లు గౌరవము పొందినది.

పెద్దధ్వని వచ్చి పడుట

ఇట్లు గౌరవము పెరుగుచుండగా, జీవనమునకు వేఱొక యిబ్బంది వచ్చినది. అదియే డి.జె. అను యంత్రము. బండిపై పెట్టెలను గోడవలె పేర్చి, విద్యుత్తుతో పాటలను పెద్దధ్వనిగా వెలువరించుదురు. పదిమంది మేళగాండ్రు చేయు పనిని ఒక బండి, ఇద్దఱు మనుష్యులు చేయుదురు. పెండ్లివారికి అది నాగరికముగా తోచెను. మేళమువారికి పిలుపులు తగ్గెను.

ఇచ్చట ధ్వనినిగూర్చి కొంత తెలిసికొనవలెను. ధ్వనిని డెసిబెల్ అను కొలతతో కొలుతురు. భారతప్రభుత్వము 2000లో చేసిన శబ్దకాలుష్య నియమములనుబట్టి, నివాసస్థలములలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లను మించరాదు. ఆసుపత్రులు, పాఠశాలలు, న్యాయస్థానముల చుట్టు 100 మీటర్ల వఱకు నిశ్శబ్దప్రదేశముగా పరిగణింపవచ్చును. అచ్చట పగలు 50, రాత్రి 40 మాత్రమే. రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వఱకు బయట లౌడుస్పీకర్లుగాని, పెద్దధ్వని చేయు వాద్యములుగాని వాడరాదు. పండుగల నిమిత్తము సంవత్సరమున 15 దినములకు మించకుండ, అర్ధరాత్రి వఱకు రాష్ట్రప్రభుత్వము సడలింపు నీయవచ్చును. మన ముషీరాబాదున ఒకప్పుడు చెఱసాల యుండిన స్థలమున 2003 మొదలు గాంధీ ఆసుపత్రి యున్నది. అచ్చటి రోగులకు, వారి ప్రక్కన మేల్కొనియున్న బంధువులకు ఈ అంకెలు కేవలము అంకెలు కావు.

2024 అక్టోబరు 1వ తేదీన హైదరాబాదు పోలీసు కమిషనరు గారు మతసంబంధమగు ఊరేగింపులలో డి.జె.లను నిషేధించుచు ఉత్తరువు చేసిరి. దీనివలన నాటు మేళములకు మరల అవకాశము కలిగినది. కాని నియమము డప్పునకును వర్తించునని మఱవరాదు. డప్పు దగ్గఱనుండి వినువానికి మిక్కిలి పెద్దగనే యుండును. ఏండ్ల తరబడి వాయించువాని చెవికి హాని కలుగవచ్చును. అయినను రెంటికిని భేదము కలదు. డప్పును మ్రోగించునది మనిషి చేయి; ఆ చేయి అలయును, ఆగును; ఆసుపత్రి కనబడినప్పుడు కనికరించి పుల్లను దించును. యంత్రమునకు అలసట లేదు. దూరము రెండింతలైన కొలదిని బహిరంగస్థలమున ధ్వని సుమారు 6 డెసిబెళ్లు తగ్గును. మేళము నడచిపోవుచున్నచో మన వాకిట కొన్ని నిమిషములే మ్రోగి దూరమగును. నిలిపియుంచిన పెట్టెల బండి అట్లు కాదు.

మనము చేయదగినది

మొదటిది, మేళమువారిని పిలిచినప్పుడు కూలిని ముందుగా నిర్ణయించి, ఆ రాత్రియే పూర్తిగా చెల్లింపవలెను. రాత్రి రెండు జాములు నడచినవానిని మఱునాడు రమ్మని త్రిప్పుట అన్యాయము. రెండవది, అతిథులు భుజించు పంక్తియందే వారికిని భోజనము పెట్టవలెను. మూడవది, ఒరేయ్ అని పిలుచుట మాని, వయస్సును బట్టి అన్నా యనియో, తాతా యనియో పిలువవలెను. విద్వాంసునకు చేయు మర్యాద విద్యకు చేయు మర్యాదయే గదా! నాలుగవది, పది గంటలు కొట్టినంతనే మేళమును చాలింపవలెను. ఆసుపత్రి ముందు డప్పు దించుమని మనమే కోరవలెను. అయిదవది తలిదండ్రులకు. మీ పిల్లవాడు వీణయో, హార్మోనియమో నేర్చుకొందునన్నచో సంతోషింతురు. డప్పు నేర్చుకొందునన్నచో ముఖము చిట్లింపకుడు. మీ యింట అటుకపై పాతడప్పున్నచో దానిని దింపి, దుమ్ము దులిపి, దాని కథను పిల్లలకు చెప్పుడు. తాత దానిని ఎందుకు క్రింద పెట్టెనో కూడ చెప్పుడు. ఆ మాట చెప్పక దరువు మాత్రము నేర్పినచో విద్య సగమే నేర్పినట్లగును.

విద్యార్థులారా! ఈ ఆషాఢమున మేళము మీ వీథికి వచ్చినప్పుడు, కాళ్లు కదలినచో కదలనిండు. దాన దోషము లేదు. కాని ఒక్క నిమిషము వాయించువాని చేతులను చూడుడు. సిర్ర ఎక్కడ తగులుచున్నది, సిటికెనపుల్ల ఎక్కడ తగులుచున్నది, మూడవ దెబ్బ యెట్లు పడుచున్నది, పెద్ద యెట్లు సైగ చేయుచున్నాడో గమనింపుడు. దరువు ఆగినప్పుడు దగ్గఱకు పోయి, మంచినీళ్లు ఇచ్చి, ఈ విద్య ఎవరియొద్ద నేర్చితిరని మర్యాదగా అడుగుడు. ఏ పుస్తకమునను లేని పాఠము మీకు ఆ జవాబున దొరకును.